జగిత్యాల ఖిల్లాలో ఫ్రెంచి కోణం

గోదావరికి దక్షిణాన, కరీంనగర్ నుంచి సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న జగిత్యాల పట్టణంలోని ఖిల్లా, తెలంగాణలో బాగా పేరున్న కోటల కోవలో చేరదు. గోల్కొండ, భువనగిరి, ఎలగందుల వంటివి గుట్టను ఆసరా చేసుకుని పైకి ఎగబాకిన కోటలు కాగా, ఓరుగల్లు మైదానంలో కట్టినదే అయినప్పటికీ వలయాకారపు ప్రాకారాలతో ఒక నగరాన్నంతటినీ చుట్టుకున్న కోట. జగిత్యాల ఖిల్లా చదునైన నేల మీద, నక్షత్రపు మొనల వలె బయటికి పొడుచుకొచ్చిన కోణాలతో, చుట్టూ లోతైన కందకంతో, ఫిరంగులు నిలిపేందుకు తగిన గోడలతో నిర్మించిన సైనిక స్థావరం. దీన్ని 1747లో జఫరుద్దౌలా అనే బిరుదుతో ప్రసిద్ధుడైన ఇబ్రహీం ఖాన్ ధంసా కట్టించాడనీ, జాక్, టాల్ అనే ఇద్దరు ఫ్రెంచి ఇంజినీర్లు దానికి నమూనా గీశారనీ, ఆ ఇద్దరి పేర్లు కలిసే ఊరికి జగిత్యాల అనే పేరు వచ్చిందనీ స్థానికంగా ప్రచారంలో ఉన్న కథ. పర్యాటక శాఖ ప్రచురణలు మొదలుకొని పోటీ పరీక్షల పుస్తకాల దాకా ఇదే కథ పునరావృతమవుతూ వస్తున్నది. ఈ కథలో ఏది నిలుస్తుంది, ఏది నిలవదు అని తేల్చాలంటే ముందుగా కోట ఆకారాన్నే అర్థం చేసుకోవాలి. ఎందుకంటే ఇందులో ఫ్రెంచి ఛాయ ఎక్కడైనా ఉందంటే అది పేర్లలో కన్నా గోడల మూలల్లోనే స్పష్టంగా కనిపిస్తుంది.

ఫిరంగి రాకముందు కోట బలమంతా గోడ ఎత్తులో ఉండేది. నిచ్చెనకు అందనంత ఎత్తున గోడ లేపి, నడుమ నడుమ గుండ్రని బురుజులు కట్టి, పైనుంచి బాణాలు, రాళ్లు, కాగిన నూనె కురిపిస్తే ముట్టడి వేసినవాడు నెలల తరబడి కింద పడిగాపులు పడవలసి వచ్చేది. 15వ శతాబ్దం చివరికి ఇనుప గుండ్లు విసిరే తేలికపాటి కంచు ఫిరంగులు యుద్ధరంగంలోకి వచ్చాయి. 1494లో ఫ్రాన్సు రాజు ఎనిమిదవ ఛార్లెస్ అలాంటి ఫిరంగులను బండ్ల మీద వెంటబెట్టుకుని ఇటలీ మీదికి దండెత్తినప్పుడు, శతాబ్దాల నాటి ఎత్తైన గోడలు దిగువన గుండ్ల దెబ్బకు పగిలి, తమ బరువుకు తామే కూలిపోయాయి. గోడ ఎంత ఎత్తుగా ఉంటే అంత మంచి గురి అయింది. దానితో ఇటలీ ఇంజినీర్లు గోడలను పొట్టిగా, వెడల్పుగా మార్చి, వెనుక మట్టి నింపి, గుండు తగిలినా మట్టిలో కూరుకుపోయేటట్లు చేశారు.

అయినా ఇంకొక చిక్కు మిగిలింది. గుండ్రని బురుజు ముందు, దాని పాదం దగ్గర, కొంత మేర నేల ఉంటుంది. బురుజు మీద నిలుచున్నవాడికి అది తన గోడ కిందే ఉన్నందువల్ల కనిపించదు, పక్క బురుజు మీద ఉన్నవాడికి మధ్యలో బురుజు వంపు అడ్డం వచ్చినందువల్ల కనిపించదు. శత్రువు ఆ చూపు అందని జాగాకు చేరుకోగలిగితే చాలు, తీరికగా సొరంగం తవ్వి, మందుగుండు కూరి, బురుజును పేల్చివేయగలడు. దీనికి విరుగుడుగా బురుజు వంపును తీసివేసి, దాన్ని బాణపు ములికి వలె రెండు తిన్నని ముఖాలు గల కోణంగా బయటికి పొడిచారు. ఒక బురుజు ముఖం వెంట పక్క బురుజు ఫిరంగి గుండు అడ్డు లేకుండా దూసుకుపోయేటట్లు కోణాలను లెక్కగట్టారు. అంటే ఏ బురుజూ తన్ను తాను కాపాడుకోదు; ప్రతిదాన్నీ దాని ఇరుగుపొరుగు బురుజులే కాపాడతాయి. కోట చుట్టూ ఉన్న అన్ని మూలలకూ ఇదే సూత్రాన్ని వర్తింపజేస్తే పైనుంచి చూసినవారికి నక్షత్రం కనిపిస్తుంది. ఈ ఆకారం శిల్పి ముచ్చటపడి ఎంచుకున్నది కాదు, లెక్క నుంచి దానంతటదే పుట్టినది. కందకం కూడా ఇక్కడ రెండు పనులు చేస్తుంది: శత్రువును నడకలో ఆపడం మొదటిది; గోడ అడుగు భాగం నేలమట్టం కంటే దిగువన ఉండిపోవడం వల్ల దూరం నుంచి పేల్చే ఫిరంగికి అది గురికాకుండా దాచడం రెండవది. పాత కోటల్లో కందకం అంటే నీళ్లగుంట అనే భావమే ప్రధానం. నక్షత్రకోటలో అది గోడలో ఒక భాగం.

ఇటలీలో పుట్టిన ఈ విద్యను శాస్త్రంగా మలచినవాడు ఫ్రాన్సు రాజు పద్నాలుగవ లూయీ వద్ద పనిచేసిన సెబాస్టియన్ వోబాన్. 1633లో పుట్టి 1707లో మరణించిన ఈ ఇంజినీరు ఫ్రాన్సు సరిహద్దుల వెంట కట్టిన, సరిచేసిన కోటల్లో 12 చోట్లను 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వాటిలో ఒకటి జర్మనీ సరిహద్దులో రైన్ నదికి దగ్గరగా ఉన్న న్యోఫ్ బ్రిజాక్ అనే చిన్న ఊరు. 1697 నాటి సంధి వల్ల నదికి ఆవలి ఒడ్డున ఉన్న కోటను ఫ్రాన్సు వదులుకోవలసి రాగా, దానికి బదులుగా ఈవల వైపు ఖాళీ మైదానంలో వోబాన్ ఎనిమిది మూలల నక్షత్రాన్ని గీసి, దాని లోపల చదరంగపు గళ్ల వంటి వీధులతో ఊరినే కొత్తగా వేయించాడు. ఇప్పటికీ అక్కడ జనాభా రెండు వేల చుట్టుపక్కలే; ఊరు కోట దాటి పెద్దగా పెరగలేదు. జగిత్యాలలో జరిగింది దీనికి పూర్తిగా విరుద్ధం. అక్కడ కోటతో పాటే ఊరినీ వేశారు, ఇక్కడ దండు కోసం కోట మాత్రమే కట్టారు. ఊరు కోటను పక్కన పెట్టి తన దారిన తాను విస్తరించి, నేడు జిల్లా కేంద్రమైంది.

వోబాన్ పద్ధతి భారతదేశానికి ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ వెంట వచ్చింది. పుదుచ్చేరిలో 1706 నాటికి పూర్తయిన సెయింట్ లూయీ కోట అయిదు మూలల నక్షత్రమే. 1761లో ఆంగ్లేయులు పుదుచ్చేరిని పట్టుకుని దాన్ని నేలమట్టం చేసినందువల్ల నేడు దాని ఆనవాలు కంటికి కనిపించదు. కర్ణాటకలోని సకలేశపురం దగ్గర టిప్పు సుల్తాను 1792లో పూర్తి చేయించిన మంజరాబాద్ కోట ఇదే కుదురుకు చెందినది. కోస్తాకు, ఫ్రెంచి స్థావరాలకు దూరంగా, గోదావరి పక్కన పొలాల మధ్య ఉన్న జగిత్యాలకు ఈ రేఖలు ఎలా చేరాయన్నదే అసలు ప్రశ్న.

ఇక్కడే 1747 అనే సంవత్సరం కొంత ఇబ్బంది పెడుతుంది. ఆ ఏడాది హైదరాబాదు రాజ్యస్థాపకుడు మొదటి నిజాం ఇంకా జీవించే ఉన్నాడు; ఆయన 1748లో మరణించాడు. ఫ్రెంచి సేన నిజాం రాజకీయాల్లో కాలుపెట్టింది ఆ మరణం తర్వాత చెలరేగిన వారసత్వపు పోరులోనే. తండ్రి తర్వాత గద్దెనెక్కిన నాసిర్ జంగ్ 1750 చివరలో హతుడయ్యాడు. పుదుచ్చేరి గవర్నరు డూప్లే అండతో గద్దెనెక్కిన ముజఫర్ జంగ్ 1751 తొలి నెలల్లో కడప సీమలో జరిగిన కొట్లాటలో ప్రాణాలు కోల్పోయాడు. వెంట ఉన్న ఫ్రెంచి సేనాని బుస్సీ అక్కడికక్కడే మొదటి నిజాం మరో కొడుకు సలాబత్ జంగ్‌ను నిజాముగా ప్రకటించి, అతన్ని వెంటబెట్టుకుని హైదరాబాదుకు చేరుకున్నాడు. అప్పటి నుంచి 1758లో వెనక్కి పిలిపించేదాకా బుస్సీ మాటకు దక్కనులో దాదాపు ఎదురులేదు. అతని సేన ఖర్చుల కోసమే 1753లో శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు, కొండపల్లి సర్కార్లను నిజాం ఫ్రెంచివారికి అప్పగించాడు. బుస్సీ సేన పాల్గొన్న బొబ్బిలి యుద్ధం జరిగిన 1757 కూడా ఈ కాలంలోనిదే. కాబట్టి జగిత్యాల ఖిల్లాను బుస్సీ సేనలోని ఇంజినీర్లు కట్టి ఉంటే 1747 సరిపోదు. 1747 సరైనదే అయితే ఆ ఇంజినీర్లు బుస్సీ మనుషులు కారు.

రెండవది అసంభవమేమీ కాదు. కంపెనీలతో, రాజ్యాలతో నిమిత్తం లేకుండా, ఫిరంగులు పోతపోయడం, గురిచూసి పేల్చడం, కోటలు సరిచేయడం తెలిసిన ఐరోపావాసులు జీతానికి కుదిరి దక్కను సుల్తానుల దగ్గరా, వారి సేనానుల దగ్గరా పనిచేయడం అప్పటికి ఒక శతాబ్దం పాత సంగతి. 1652లో కడప సీమలోని గండికోటకు వెళ్లిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్, అక్కడ మీర్ జుమ్లా కొలువులో ఫిరంగులు పోతపోస్తున్న క్లోద్ మాయ్ అనే తన దేశస్థుణ్ణి చూసినట్లు రాసిపెట్టాడు. అలాంటి కిరాయి నిపుణులు ఇద్దరు జగిత్యాలకు వచ్చి ఉండవచ్చు. పని 1747లో మొదలై, బుస్సీ కాలంలో మారి, కొనసాగి ఉండవచ్చు. కందకం, కోణపు బురుజులు గల కోట ఒక్క వేసవిలో తేలే పని కాదు గనుక ఈ చివరి ఊహకే ఎక్కువ బలం ఉన్నట్లు తోస్తుంది. ఊరి పేరు గురించిన కథను మాత్రం తేలికగానే పక్కన పెట్టవచ్చు: పొరుగునే మల్యాల, కొడిమ్యాల, నదికి ఆవల మంచిర్యాల ఉండగా, జగిత్యాల అనే పేరుకు ఫ్రాన్సు దాకా పోవలసిన అవసరం లేదు.

కట్టించినవాడి సంగతి మరింత స్పష్టం. ధంసా నిజాం సేనాపతుల్లో ఒకడు. ఎలగందుల కోట కిల్లేదారుగా, అంటే కోటకూ దాని కింది పరగణాలకూ అధికారిగా ఉన్నవాడు. ఎలగందుల గుట్ట మీద 1754లో మినార్లతో మసీదు కట్టించినట్లు చెప్పేదీ ఇతని గురించే. గోదావరికి ఉత్తరాన నిర్మల్ కూడా ఇతని చేతికి వచ్చింది. నిర్మల్ చుట్టూ ఉన్న కోటల విషయంలోనూ ఫ్రెంచి ఇంజినీర్ల కథే వినిపించడం గమనించదగినది. భద్రాచలం సంప్రదాయ కథనాల్లో ఆలయం మీదికి దండెత్తిన తురక సేనానిగా కనిపించే ధంసా కూడా ఇతడేనంటారు. ఇతని తర్వాత వారసుడు ఎహతెషాం జంగ్ నిజాం మాట వినక ధిక్కరించగా, రెండవ నిజాం అలీఖాన్ స్వయంగా సేనతో నిర్మల్ మీదికి రావలసి వచ్చింది. రాజ్యం కోసమని కట్టిన కోటలే రాజ్యానికి ఎదురు తిరగడం 18వ శతాబ్దపు దక్కనులో మామూలు వ్యవహారం. అప్పు మీద, జీతం బకాయిల మీద నడిచే సైన్యాలున్న చోట, ఫిరంగులూ గోడలూ ఎవరి చేతిలో ఉంటే శిస్తు వారిది.

ఈ చోటునే ఎందుకు ఎంచుకున్నారో దేశపటం చూస్తే తెలుస్తుంది. ఎలగందుల నుంచి నిర్మల్‌కు పోవాలంటే గోదావరి దాటాలి. దాటేముందు దండు దిగడానికీ, ధాన్యం, పశుగ్రాసం నిలవ చేయడానికీ అనువైన మైదానం జగిత్యాల చుట్టూ ఉన్నది. చెరువుల కింద వరి పండే ఈ నేల సంపన్నమైనదని పాలకులు గ్రహించింది కూడా ఆనాడే కాదు. నదికి దగ్గరగా పెద్దవాగు కలిసే చోట ఉన్న కోటిలింగాలలో శాతవాహన వంశ స్థాపకుడు సిముకుని నాణేలూ, అంతకు ముందరి స్థానిక పాలకుల నాణేలూ దొరికాయి. జగిత్యాలను ఆనుకుని ఉన్న పొలాస, 12వ శతాబ్దంలో పొలవాస పేరుతో మేడరాజు వంశీయుల రాజధాని. పశ్చిమ చాళుక్యులకు సామంతులైన వీరిని జయించినట్లు కాకతి రుద్రదేవుడు 1163 నాటి హనుమకొండ శాసనంలో చెప్పుకున్నాడు. దక్షిణానికి పోతే గంగాధర దగ్గర కురిక్యాల బొమ్మలగుట్ట మీద, కన్నడ ఆదికవి పంపని తమ్ముడు జినవల్లభుడు 10వ శతాబ్దంలో వేయించిన శాసనంలో తెలుగు కంద పద్యాలు చెక్కి ఉన్నాయి; ఆ అన్నదమ్ములను ఆదరించిన వేములవాడ చాళుక్యుల రాజధాని సిరిసిల్లకు దగ్గరలోనే ఉంది. ఉత్తరాన గోదావరి ఒడ్డున ధర్మపురి లక్ష్మీనరసింహ క్షేత్రం. అక్కడ నది దక్షిణానికి మళ్లి పారుతుంది. ఇన్ని పొరల మీద ఫ్రెంచి పొర చాలా పలుచనిది, కానీ కంటికి తగిలేది అదే.

నక్షత్రం గీసినవాడెవరైనా కట్టింది స్థానిక చేతులే. దక్కను కట్టడాలకు ప్రాణం డంగుసున్నం. కాల్చిన సున్నాన్నీ ఇసుకనూ నీటితో కలిపి, గుండ్రని రాతి గాడిలో ఎద్దులు లాగే బండరాయి కింద రోజుల తరబడి నూరితే గట్టిపడే గచ్చు అది. వోబాన్ కోటల్లో గోడ వెనుక మట్టి కూరడం, బయట ఇటుకతోనో చెక్కిన రాతితోనో తొడుగు వేయడం పద్ధతి. ఇక్కడి ఒడ్డెర్లకు చెరువు కట్టలు వేసిన అనుభవం ఉన్నందువల్ల మట్టి పనిలో కొత్తగా నేర్చుకోవలసిందేమీ లేకపోయింది. చెరువు కట్టకూ నక్షత్రకోట గట్టుకూ పునాది సూత్రం ఒకటే, బరువును ఏటవాలుగా నేలకు దింపడం. తేడా అల్లా ఒకటి నీటిని ఆపాలి, రెండవది గుండును ఆపాలి.

ఆ గుండ్ల కాలం తొందరగానే ముగిసింది. 1758 తర్వాత హైదరాబాదులో ఫ్రెంచి పలుకుబడి తగ్గి, 1780ల రెండవ సగంలో ఫ్రెంచి సేనాని రేమండ్ వచ్చాక మళ్లీ లేచి, అతను మరణించిన 1798లోనే ఆంగ్లేయులతో కుదిరిన ఒప్పందం ప్రకారం ఫ్రెంచి అధికారుల కింది పటాలాలను నిరాయుధం చేయడంతో పూర్తిగా అంతరించింది. రేమండ్ పేరు జనం నోట మారి హైదరాబాదులో మూసారాంబాగ్‌గా మిగిలింది. యుద్ధం ఇక ఈ దారిన రాదని తేలాక జగిత్యాల ఖిల్లాకు పని లేకుండా పోయింది. హైదరాబాదు దివాను సాలార్‌జంగ్ సంస్కరణల్లో జిల్లాలు, తాలూకాలు ఏర్పడి, శిస్తు వసూలు ప్రభుత్వ ఉద్యోగుల చేతికి పోయినా భూములు దేశ్‌ముఖుల చేతిలోనే మిగిలి, ఎలగందుల జిల్లా 1905లో కరీంనగర్ జిల్లాగా మారే నాటికి, పల్లెల్లో జనం భయపడవలసినది ఖిల్లాకు కాదు, దొర గడీకి. ఎత్తైన ప్రహరీ, పెద్ద దర్వాజా గల ఆ గడీలను ఏ ఇంజినీరూ గీయలేదు గానీ వాటి ముట్టడి మాత్రం చరిత్రకెక్కింది. వెట్టికీ, అక్రమ భూ ఆక్రమణలకూ, దండుగలకూ వ్యతిరేకంగా 1978 సెప్టెంబరు 7న వేలాది రైతుకూలీలు జగిత్యాలలో జరిపిన జైత్రయాత్ర, దానికి జవాబుగా అదే ఏడాది అక్టోబరు 20న ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించడం, తెలంగాణ పల్లెల తర్వాతి చరిత్రను మలుపు తిప్పాయి. ఖిల్లా చుట్టూ జరిగిన ఏ ముట్టడి కన్నా ఆ ఒక్క రోజు ఊరేగింపునే నేటి జగిత్యాల ఎక్కువగా గుర్తుంచుకుంటుంది.

జగిత్యాల పరిసరాల్లోని పట్టణాలైన కోరుట్ల, సిరిసిల్ల రెండు వేర్వేరు దారులు పట్టాయి. జగిత్యాలకు పడమట, నిజామాబాద్ రోడ్డు మీద ఉన్న కోరుట్ల వ్యాపారానికీ పసుపు సాగుకూ పేరు పడింది. శ్రీరాంసాగర్ నుంచి వచ్చే కాకతీయ కాలువ మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల పొలాలను తడుపుతుంది గనుక ఇక్కడ చెరువు కింద పంటగా ఉన్న వరి కాలువ కింద పంటగా మారింది. పొలాసలోని వ్యవసాయ పరిశోధన స్థానం ఆ నీటికి తగిన వంగడాలను తయారుచేసింది. వాటిలో జగిత్యాల సన్నాలు ఊరి పేరును బియ్యం దుకాణాల దాకా తీసుకుపోయింది. అయినా కోరుట్ల, జగిత్యాల ఇళ్లలో ఖర్చు గడిచేది పొలం మీద మాత్రమే కాదు; ఆడవాళ్లు చుట్టే బీడీలు, మగవాళ్లు దుబాయి, మస్కట్ల నుంచి పంపే డబ్బు కలిస్తేనే లెక్క తేలుతుంది. కోరుట్లకు దగ్గరలోని ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015 చివరలో మూతపడ్డాక చెరకు పొలాలు వేరే పంటలకు మారాయి.

సిరిసిల్ల మానేరు ఒడ్డున ఉన్న నేతపట్టణం. చేనేత నుంచి మరమగ్గాలకు మళ్లిన పద్మశాలి కుటుంబాలు ఇక్కడి కార్ఖానాల్లో సాంచెలు (మరమగ్గాలు) నడుపుతాయి. నూలు ఇచ్చే సేటుకూ కార్మికునికీ నడుమ ఆసామి అనే మధ్యస్థుడు ఉంటాడు. అతడు సేటు దగ్గర నూలు తెచ్చి, బట్ట నేయించి, మీటరుకు ఇంత చొప్పున కూలి పుచ్చుకుంటాడు. నూలు ధర పెరిగినా, బట్ట ధర పడినా మొదట తెగేది ఆసామి, కార్మికుల కూలే. షోలాపూర్, భివండీ, సూరత్‌లకు వలసలూ, 1990ల నుంచి వరుసగా జరిగిన ఆత్మహత్యలూ ఈ ఏర్పాటు ఫలితాలే. 2017లో ప్రభుత్వం బతుకమ్మ చీరల ఆర్డర్లు ఇవ్వడం మొదలుపెట్టాక కొన్నేళ్లు సాంచెల చప్పుడు నిలకడగా వినిపించింది. ఒక్క కొనుగోలుదారు మీద ఆధారపడిన పట్టణానికి ఆ నిలకడ ఎంతవరకు భరోసా అన్నది అప్పటి నుంచీ ఉన్న ప్రశ్నే. కవి సి. నారాయణరెడ్డి పుట్టిన హనుమాజీపేట సిరిసిల్ల, వేములవాడల పరిసరాల్లోనిదే. ఆయన బడి చదువులో కొంత భాగం సిరిసిల్లలో సాగింది.

2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణలో కరీంనగర్ నుంచి విడివడి జగిత్యాల, రాజన్న సిరిసిల్ల వేర్వేరు జిల్లాలయ్యాయి. కోరుట్ల జగిత్యాల జిల్లాలోనే ఉండిపోయింది. పెద్దపల్లి నుంచి నిజామాబాద్ పోయే రైలు మార్గంలో లింగంపేట జగిత్యాల స్టేషను, ఆ తర్వాత కోరుట్ల, మెట్‌పల్లి స్టేషన్లు వస్తాయి. రోడ్డున పోయేవారికి 63వ జాతీయ రహదారి ఈ మూడు ఊళ్లనూ కలుపుతుంది. ధర్మపురికి వెళ్లే యాత్రికులు చాలామంది జగిత్యాల మీదుగానే పోతారు, కొండగట్టు ఆంజనేయస్వామి క్షేత్రం కూడా దగ్గరే గనుక ఖిల్లా చూడటానికి ప్రత్యేకంగా ప్రయాణం పెట్టుకోనవసరం లేదు. చూసేవారు ద్వారం దగ్గరే ఆగిపోకుండా ఒక మూల బురుజు ఎక్కి, పక్క బురుజు ముఖం వెంట చూపు సారిస్తే, నడుమ ఎక్కడా దాక్కునే చోటు ఉండకూడదన్న ఆ పాత లెక్క ఏమిటో పుస్తకం సాయం లేకుండానే అర్థమవుతుంది.